ఇంజనీరింగు విద్య - మన ఆడపిల్లలు

రాయచూరు కోటగోడలో సుమారు 41 అడుగుల పొడవుగల రాతిపలక యొకటి కలదు. దానిమీద తెలుగు శాసనము చెక్కబడియున్నది. కాకతీయుల పక్షమున విఠలనాథుడను సేనాని 1294లో ఈ దుర్గమును కట్టించెనని అది చెప్పుచున్నది. శాసనము కన్న చిత్రమైనది మరియొకటి యచ్చట నున్నది. అంత పెద్ద పలకను గని నుండి కోటవరకు ఎట్లు తెచ్చిరో ఆ శిల్పులే బొమ్మగా చెక్కిపెట్టిరి. చక్రముల బండి, దానిని లాగు పశువుల బారు, వెనుకనుండి బండిని ముందుకు త్రోయు మనుష్యులు అందు కనబడుదురు. ఇంజనీరింగు అనుమాట పుట్టకముందే దాని పని మన ఊర జరిగినదనుటకు ఇంతకన్న సాక్ష్యమక్కరలేదు. ఆ బొమ్మలో పనిచేయుచున్న వారందరు పురుషులే. అది 700 ఏండ్లనాటి మాట. నేడు అదే రాయచూరులో ఇంజనీరింగు కాలేజీల వాకిట ఉదయము నిలుచుండి చూచినచో లోనికి పోవువారిలో ఆడపిల్లలు తక్కువగా నుండరు. చదువు ముగించి పనిలోనికి పోవునప్పుడు మాత్రము ఆ వరుస పలుచబడుచున్నది. అది ఎందుచేత పలుచబడుచున్నదో ఆలోచించుటయే ఈ పాఠము.

లెక్క ఆడవారికి రాదనుమాట మన యిండ్లలో ఇప్పటికిని అప్పుడప్పుడు వినబడును. మన పురాణమేమో వేరుగా చెప్పుచున్నది. ఋషభనాథుడు తన పెద్దకుమార్తె బ్రాహ్మికి లిపిని, రెండవకుమార్తె సుందరికి అంకెలను నేర్పెనని ఆదిపురాణము. అనగా ఆ కథలో లెక్క మొదట నేర్చినవారిలో ఒక ఆడపిల్ల యున్నది. ఆదిపురాణము వ్రాసిన జినసేనుడు రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమువాడు. ఆ రాజు రాజధాని మాన్యఖేటము నేటి మళఖేడు. అది రాయచూరునకు ఉత్తరమున కలబురగి జిల్లాలో నున్నది. గణితసారసంగ్రహము రచించిన మహావీరాచార్యుడును ఆ రాజు కాలముననే యుండెను. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన ఆ గ్రంథమును తెలుగు పద్యములలో వెలయించెను. తెలుగువారి లెక్కల పుస్తకము ఈ నేల నుండి బయలుదేరినదే యనుకొన్నను తప్పులేదు. అయినను పురాణము పురాణమే. సుందరి లెక్క నేర్చినంతమాత్రమున మన కాలపు ఆడపిల్లకు కాలేజిలో సీటు దొరకలేదు. దానికై ఒక తెలుగు వితంతువు మద్రాసులో తలుపు తట్టవలసివచ్చినది.

ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత. 1919 ఆగస్టు 27న జన్మించినది. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కాలేజిలో విద్యుచ్ఛాస్త్రపు ఆచార్యుడు. ఇంటిలో మగపిల్లలు ఇంజనీర్లగుట, ఆడపిల్లలకు కొంత చదువు చెప్పించి పెండ్లిచేయుట ఆనాటి పద్ధతి. లలితకును 15వ యేట, 1934లో, వివాహమైనది. పెండ్లి తరువాత కూడ ఆమె 10వ తరగతి వరకు చదువునట్లు తండ్రి చూచెను. 1937లో కూతురు పుట్టినది. బిడ్డకు నాలుగు మాసములు నిండునప్పటికి భర్త మరణించెను. అప్పటికి లలితకు 18 ఏండ్లు.

ఆ కాలమున 18 ఏండ్ల వితంతువు బ్రదుకు ఎట్లుండెడిదో చదువరులకు వివరింపనక్కరలేదు. పెద్దవారి నోట ఎవరైనను వినియేయుందురు. లలిత పుట్టినింటికి వచ్చినది. మరల పెండ్లిమాట తలపెట్టలేదు. క్వీన్ మేరీ కాలేజిలో చేరి ఇంటరు మొదటి తరగతిలో గెలిచినది. ఇక ముందేమి? ఆడవారు వైద్యవిద్య చదువుట అప్పటికి వింతకాదు. ఆమె దాని నొల్లలేదు. కారణము చాల మామూలైనది. డాక్టరు అర్ధరాత్రి పిలుపు వచ్చినను బిడ్డను విడిచి పోవలెను. తనకు ఉదయము పోయి సాయంకాలమునకు ఇల్లు చేరు ఉద్యోగము కావలెను. తండ్రి, అన్నలు ఇంజనీర్లు. కనుక ఆమెయు ఇంజనీరింగు కోరినది. లోకమున మొదటివారి చరిత్రలలో గొప్ప ఆశయములను వెదకుట మనకలవాటు. ఇచ్చట నున్నది ఒక తల్లి వేసికొన్న లెక్క. అది తక్కువ విషయము కాదు.

గిండీ కాలేజి 1794లో సర్వేబడిగా ఆరంభమైనది. ఒకటిన్నర శతాబ్దికి దగ్గరగా అందులో ఆడపిల్ల చదివియుండలేదు. సుబ్బారావు ప్రిన్సిపాలు కె. సి. చాకోను అడిగెను. విద్యాశాఖ డైరెక్టరు స్టాథాముదొరయు ఒప్పుకొనెను. 1940లో లలిత విద్యుచ్ఛాఖలో చేరినది. వందలకొలది మగపిల్లల నడుమ ఆమె ఒక్కతె. హాస్టలులో ఆమెకు వేరుగా చోటిచ్చిరి. బిడ్డను బంధువులు పెంచుచుండగా వారాంతములందు పోయి చూచి వచ్చుచుండెను. తోడి విద్యార్థులు ఆమెతో మర్యాదగానే నడచుకొనిరట. ఎవరు భయపడినట్లును ఏమియు జరుగలేదు. అయినను ఒంటరితనము ఒంటరితనమే. అందుచే తండ్రి కాలేజివారితో మాటలాడి, ఆడపిల్లలనుకూడ చేర్చుకొందుమని ప్రకటన వేయించెను. దానిని చూచి లీలమ్మ జార్జి, పి. కె. త్రేసియా అను ఇద్దరు కేరళ కన్యలు సివిలు శాఖలో చేరిరి.

ఈ ప్రకటన విషయమును తల్లిదండ్రులు ఒకింత నిలిచి ఆలోచింపవలెను. కాలేజి మొదట ఒక్క పిల్లకు తలుపు తెరచినది. కాని ప్రకటన వేసినపిమ్మటనే తక్కినవారు వచ్చిరి. రావలెనను కోరిక వారికి అంతకుముందే యుండియుండును. రావచ్చునని ఎవరును చెప్పలేదు, అంతే.

యుద్ధకాలమగుటచే కోర్సు కొన్ని మాసములు తగ్గింపబడి, ముగ్గురు ఒక్కసారే పట్టము పొందిరి. లలిత చదువు 1943లో ముగిసినది. కాలేజి పత్రములలో "అతడు" అని అచ్చుపడియుండగా దానిని కొట్టివేసి "ఆమె" అని చేతితో వ్రాయవలసివచ్చినది. జమాల్పూరు రైల్వే కర్మాగారములో ఆమె ఒక సంవత్సరము పనినేర్చుకొన్నది. పిదప సిమ్లాలో కేంద్ర ప్రమాణముల సంస్థలో ఇంజనీరింగు సహాయకురాలుగా నుండెను. కొంతకాలము తండ్రి పరిశోధనలలో తోడుపడెను. పొగరాని పొయ్యి, విద్యుత్తుతో పలుకు వాద్యము మొదలగు వానికి ఆయన పేటెంట్లు పొందియుండెను. కాని అందువలన ఇల్లు గడచుట కష్టము. 1948లో లలిత కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ కంపెనీలో చేరినది. తరువాత ఆ కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో కలిసినను ఆమె 1977లో పదవి విరమించువరకు అచ్చటనే పనిచేసినది.

ఆమె పని యేమి? విద్యుత్తును దూరమునకు గొనిపోవు లైనులను రూపొందించుట, సబ్‌స్టేషనులో ఏ పరికరము ఎచ్చట నుండవలెనో నిర్ణయించుట, రక్షణపరికరములను కూర్చుట. ఈ చివరిదానిని ఒక మాటలో చెప్పవచ్చును. లైనుమీద చెట్టుకొమ్మ పడినను, పిడుగు పడినను, తీగలో విద్యుత్ప్రవాహము హఠాత్తుగా పెరుగును. రిలే యను పరికరము దానిని కనిపెట్టి బ్రేకరునకు ఆజ్ఞ యిచ్చును. బ్రేకరు కన్నుమూసి తెరచులోగా ఆ లైనును విడదీయును. ఆలస్యమైనచో లక్షల రూపాయల ట్రాన్స్ఫార్మరు కాలిపోవును. ఏది ఎంత ప్రవాహమునకు, ఎంత సమయమునకు విడిపోవలెనో ముందుగా లెక్కకట్టి యుంచవలెను. దగ్గరి బ్రేకరు ముందు, దూరపుది తరువాత. అందులో కండబలముతో పనిలేదు. లెక్క తప్పరాదు, ఓపిక చెడరాదు. భాక్రా నంగల్ విద్యుదుత్పాదక యంత్రముల పనిలో లలిత చేయి కలదు.

1953లో లండనులోని విద్యుత్ ఇంజనీర్ల సంస్థ ఆమెను అసోసియేటు సభ్యురాలిగాను, 1966లో పూర్ణసభ్యురాలిగాను గైకొన్నది. 1964లో న్యూయార్కులో స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సభ జరుగగా లలిత దానికి పోయివచ్చినది. 1979 అక్టోబరు 12న, 60 ఏండ్లు నిండిన కొలదికాలమునకే, మరణించెను.

ఈ కథను చెప్పునప్పుడు లలిత పట్టుదలను పొగడి ఊరకొనుట వాడుక. అంతే ముఖ్యమైనవి మరి రెండు కలవు. మొదటిది, ఆమె ఎచ్చట పనిచేసినను బిడ్డను చూచుటకు అన్నదమ్ముల ఇండ్లు తోడుండెను. ఒక స్త్రీ ఇంజనీరగుటకు ఒక కుటుంబము పనిచేసినది. రెండవది, ఆమె ఉద్యోగమంతయు ఎక్కువగా డిజైను గదిలోనే గడచినది. పని జరుగు తావులకు ఒంటరిగా తిరుగుట ఆనాడు ఆమెకు సాధ్యముకాలేదు. కాగితముమీద లైను గీచిన చేయి ఆ లైను నిలిచిన కొండను చూడ నోచుకొన్నది అరుదు. ఆ తలుపు తెరచుకొనుటకు మరి చాలకాలము పట్టినది. మన జిల్లాలో అది ఇంకను సగమే తెరచియున్నది.

త్రేసియా మాత్రము రోడ్లమీదనే నిలిచినది. కొచ్చి రాజ్యపు పబ్లిక్ వర్క్స్‌లో చేరి, 1971లో కేరళ రాష్ట్రమునకు చీఫ్ ఇంజనీరైనది. ఆ పదవి పొందిన మొదటి భారతస్త్రీ ఆమెయే. తారులో రబ్బరు కలిపి రోడ్డు వేయు ప్రయోగమును చేయించినది. లీలమ్మ తిరువాన్కూరు పబ్లిక్ వర్క్స్‌లో పనిచేసినది. కన్నడదేశమున రాజేశ్వరి చటర్జీ అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయమున చదివి, 1953లో డాక్టరేటు పొంది, బెంగుళూరు విజ్ఞానసంస్థలో సూక్ష్మతరంగముల శాస్త్రమును బోధించినది. బెంగాలులో ఇలా మజుందార్ 1951లో మెకానికల్ ఇంజనీరైనది. హుబ్బళ్ళి కాలేజిలో 1968లో చేరిన సుధామూర్తి కథ అందరును చదివినదే. చీర కట్టుకొని రావలెను, క్యాంటీను వైపు పోరాదు, మగపిల్లలతో మాటలాడరాదు అను షరతులతో ఆమెను చేర్చుకొనిరట. మూడవ షరతును మగపిల్లలే మొదట భంగపరచిరని ఆమె చెప్పుకొన్నది. 1974లో ఒక పెద్ద కర్మాగారపు ప్రకటనలో స్త్రీలు దరఖాస్తు చేయనక్కరలేదని చూచి, జె. ఆర్. డి. టాటాకే కార్డు వ్రాసి, ఆ యుద్యోగము సంపాదించినది. ఒకచోట ప్రకటన తలుపు తెరచినది, మరియొకచోట ప్రకటన తలుపు మూసినది. అచ్చుమాటకు ఆపాటి బలము కలదు.

ఇక మన జిల్లా సంగతి.

1956 నవంబరు 1 వరకు రాయచూరు హైదరాబాదు రాష్ట్రములోనిది. కాబట్టి పెద్దచదువునకు మనవారు హైదరాబాదు దారియే పట్టెడివారు. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర. ఏటి ఆవల తెలుగుగడ్డ. రాయచూరు తాలూకా పల్లెలలో తెలుగు ఇంటిభాష. సింధనూరు, మాన్వి ప్రాంతములలో తుంగభద్ర ఎడమకాలువ వచ్చిన పిమ్మట కోస్తాజిల్లాలనుండి రైతులు వచ్చి క్యాంపులు వేసికొనిరి. ఇప్పటికిని ఆ ఊళ్ళకు క్యాంపు అనియే పేరు. ఈ మూడు రకముల తెలుగుకుటుంబములనుండియు నేడు పిల్లలు ఇంజనీరింగునకు వచ్చుచున్నారు. కాని జిల్లా మొత్తము చూచినచో చదువు వెనుకబడియే యున్నది. 2011 జనాభా లెక్కలలో రాయచూరు జిల్లా స్త్రీలలో అక్షరాస్యులు నూటికి సుమారు 49 మంది మాత్రమే. కర్ణాటకము మొత్తముమీద అది నూటికి 68. ఒక పల్లెలో తల్లి వేలిముద్ర వేయును, కూతురు రాబోవు ఏడు విద్యుచ్ఛాస్త్రపు పరీక్ష వ్రాయును. ఈ రెంటి నడుమ ఉన్నది ఒక్క తరము. తొందరపడి తీర్పు చెప్పువారు దీనిని గుర్తుంచుకొనవలెను.

పని మాట యెత్తినచో రాయచూరునకు కొరత లేదు. మొదట విద్యుత్తు. కృష్ణ యొడ్డున శక్తినగరములోని థర్మల్ కేంద్రపు మొదటి యూనిటు 1985లో నడకసాగినది. నేడు అచ్చట 210 మెగావాట్ల యూనిట్లు ఏడు, 250 మెగావాట్లది ఒకటి, మొత్తము 1720 మెగావాట్లు. సింగరేణి మొదలగు గనులనుండి రైలుమీద బొగ్గు వచ్చును. దానిని ముఖమునకు పూయు పొడివలె మెత్తగా విసరి, గాలితో కొలిమిలోనికి ఊదుదురు. అది మండి నీటిని ఆవిరిచేయును. ఆవిరి టర్బైనును నిమిషమునకు 3000 చుట్లు త్రిప్పును. 3000ను 60తో భాగించిన సెకనుకు 50. మన ఇంటి దీపములోని విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తములతో నడచుటకు కారణమిదియే. యెరమరసు వద్ద 800 మెగావాట్ల యూనిట్లు రెండు తరువాత వచ్చినవి.

1871లో బొంబాయి వైపునుండి వచ్చిన రైలుదారియు, మద్రాసు వైపునుండి వచ్చిన రైలుదారియు రాయచూరుననే కలిసినవి. 2013 డిసెంబరు 31న రాయచూరు - సోలాపూరు 765 కిలోవోల్టుల లైను నడకసాగి దక్షిణదేశపు విద్యుత్తును దేశపు గ్రిడ్డుతో కలిపినది. నాడు లలిత కలకత్తాలో కూర్చుండి గీచిన పనికిని నేడు మన ఊరిబయట నిలిచిన ఆ ఉక్కుగోపురములకును శాస్త్రమొక్కటే.

రెండవది నీరు. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియైనది. 2024 ఆగస్టు 10 రాత్రి దాని 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. ఎడమకాలువను నమ్ముకొన్న రైతుల గుండె ఆగినంతపని యైనది. కన్నయ్యనాయుడను వృద్ధ తెలుగు ఇంజనీరు మార్గము చెప్పగా, నీరు పారుచుండగనే ఉక్కుపలకలను ఒకదానిపై నొకటి దింపి వారముదినముల లోపల ఆ దారిని మూసిరి. అంత పెద్ద ప్రమాదమునకు మూలము గొలుసులోని ఒక లంకె. దానిని ముందుగా చూచి, కొలిచి, మార్చవలెనని వ్రాయుట ఇంజనీరు పని. గేటు తెగినప్పుడు అందరును ఇంజనీరును తలచుకొందురు. తెగకుండ చూచిన ఇంజనీరును ఎవరును తలచుకొనరు. ఆనకట్టతోనే పని తీరదు. కాలువ చివర పొలములకు నీరు చేరదు. మొదట నున్న పొలములలో నీరెక్కువై చవుడు తేలును. ఈ రెంటికి మందు కొలతలోను, మురుగుకాలువలోను ఉన్నది. 2009లో ఏర్పడిన రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయములో వ్యవసాయ ఇంజనీరింగు చెప్పుచున్నారు. కలుపు తీయునది, నాటు వేయునది, ప్రత్తి ఏరునది ఎక్కువగా ఆడవారే. ఆ పనిముట్టు పిడి ఎంత పొడవుండవలెనో వంగి పనిచేసిన స్త్రీ నడుమునకు తెలిసినట్లు మరెవరికి తెలియును? ఇంజనీరింగు అనగానే కంప్యూటరు వైపే పరుగెత్తువారు ఈ శాఖను ఒకసారి చూచుట మంచిది.

మూడవది బంగారము. లింగసుగూరు తాలూకాలోని హట్టి గని మన దేశమున బంగారము త్రవ్వు ముఖ్యమైన గని. కంపెనీ 1947లో హైదరాబాదు గోల్డ్ మైన్స్ అను పేర ఏర్పడి, 1956లో హట్టి గోల్డ్ మైన్స్ ఐనది. (మస్కిలో అశోకుని పేరు స్పష్టముగా గల శాసనమును 1915లో కనుగొన్న బీడన్ కూడ బంగారుగనుల ఇంజనీరే. బంగారము వెదకబోయి అశోకుని కనుగొన్నాడు.) 1952నాటి గనుల చట్టము స్త్రీ భూగర్భములో పనిచేయరాదనెను. ఫ్యాక్టరీల చట్టము రాత్రి పనిని కూడదనెను. రక్షణకే యని చెప్పిన ఈ మాటలు స్త్రీ ఇంజనీరునకు గోడలైనవి. మూడు షిఫ్టుల కేంద్రములో ఒక షిఫ్టు చేయరాని వారిని ఎవరు తీసికొందురు? 2000లో మద్రాసు హైకోర్టు రాత్రిపని నిషేధమును కొట్టివేసినది. 2019లో కేంద్రప్రభుత్వము సాంకేతిక, పర్యవేక్షణ పనులలోని స్త్రీలు ఇష్టపడి వ్రాసియిచ్చినచో పగటివేళ గనిలోనికి దిగవచ్చుననెను. అదే సంవత్సరము కర్ణాటకప్రభుత్వము ఫ్యాక్టరీలలో రాత్రిపనికి అనుమతి యిచ్చినది. వాహనము, రక్షణ యజమాని బాధ్యత. 2020నాటి వృత్తిభద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చి, స్త్రీ సమ్మతియు రక్షణయు షరతులుగా ఈ పద్ధతినే దేశమంతటికిని చెప్పినది. చట్టము గోడ తీసినది. ఇక మిగిలినది ఇంటిగడప.

కాలేజీల కొరత ఇప్పుడు లేదు. ప్రైవేటు కాలేజీలుండగా, 2007లో ప్రభుత్వ ఇంజనీరింగు కాలేజి వచ్చినది. 2019లో ఆరంభమైన ట్రిపుల్ ఐటీ తొలుత హైదరాబాదు ఐఐటీ ఆవరణలో నడచి పిదప రాయచూరు చేరినది. దేశము మొత్తముమీద 2020-21లో ఇంజనీరింగు చదువువారిలో నూటికి సుమారు 29 మంది స్త్రీలు. లలిత నాటి ఒక్కతెతో పోల్చిన ఇది గొప్పది. కాని చదువుచున్నవారి సంఖ్య వేరు, పనిచేయుచున్నవారి సంఖ్య వేరు. ఈ రెంటి నడుమ పిల్లలు ఎచ్చట జారిపోవుచున్నారు?

కొందరు శాఖను ఎన్నుకొనునప్పుడే జారుదురు. పిల్లకు యంత్రములమీద మనసున్నను "ఆడపిల్లకు మెకానికలేమిటి" యని కంప్యూటరులో చేర్పింతురు. కంప్యూటరు శాఖ మంచిదే. ఇష్టము లేనివారిని అందు కట్టివేయుట మంచిదికాదు. కొందరు చివరి సంవత్సరములో జారుదురు. ఉద్యోగపు పరీక్ష బెంగుళూరులో లేదా హైదరాబాదులో, తోడు పోవువారు లేరు, పరీక్ష దాటిపోవును. ఎక్కువమంది పెండ్లివద్ద జారుదురు. ఇచ్చట ఒక సంగతి నిర్మొగమాటముగా చెప్పవలెను. ఇంజనీరింగు పట్టమును సంబంధపు కాగితములో ఒక పంక్తిగా వాడుకొను అలవాటు మన వర్తకకుటుంబములలో పెరుగుచున్నది. నాలుగేండ్ల ఫీజు, హాస్టలు ఖర్చు, పిల్ల రాత్రిళ్ళు చదివిన చదువు, అన్నియు పెండ్లిపత్రికలో పేరుప్రక్కన రెండక్షరములకే యైనచో, పెట్టుబడికి రాబడి లెక్కచూచు మన వర్తకులు ఈ ఒక్క లెక్కలో ఎట్లు తప్పుచున్నారో తెలియదు. సంబంధము మాటలాడునప్పుడు బంగారము తూకమును గూర్చి గంటసేపు మాటలాడువారు పిల్ల ఉద్యోగమును గూర్చి ఒక ప్రశ్న అడుగుటకు వెనుకాడనక్కరలేదు. లలిత బిడ్డను పెంచినది అన్నదమ్ముల ఇండ్లు. నేటి కోడలి బిడ్డను అత్తగారిల్లు పెంచలేదా?

తండ్రుల భయమును తేలికగా తీసివేయుటయు న్యాయముకాదు. హాస్టలు ఎట్లున్నదో పోయి కన్నులార చూడవలెను. వాకిట కాపలా యున్నదా, రాత్రి దీపములున్నవా, కాలేజి బస్సు ఎన్ని గంటలకు వచ్చును, ఫిర్యాదు వినుటకు కమిటీ యున్నదా, అందులో స్త్రీ లెవరు అని అడుగవలెను. అడిగినవానికి కాలేజివారు జవాబు చెప్పుదురు. అడుగక భయపడువాడు పిల్లను ఇంట కూర్చుండబెట్టును.

విద్యార్థినికి కావలసిన సాధనము తక్కువే. లెక్కలు 8వ తరగతినుండి గట్టిగా చదువవలెను. బీజగణితము తప్పినచో పైన ఏదియు నిలువదు. పెన్సిలుతో బొమ్మ గీయుట అలవరచుకొనవలెను. ఒక డబ్బాను ముందునుండి, ప్రక్కనుండి, పైనుండి మూడు బొమ్మలుగా వేయగలిగిన పిల్లకు ఇంజనీరింగు డ్రాయింగు సగము వచ్చినట్లే. ఇంట పాడైన ఫ్యానును అన్న విప్పుచుండగా చెల్లెలిని టార్చి పట్టుకొమ్మనుట మానవలెను. ఆమె విప్పునప్పుడు అన్న టార్చి పట్టుకొనుట మేలు. తెలుగు ఇంటిభాష, కన్నడము బడిభాష, ఇంగ్లీషు కాలేజిభాష. మూడును వచ్చిన పిల్లకు రాయచూరులో తిరుగులేదు. మొదటి సంవత్సరము ఇంగ్లీషు పాఠము అర్థముకాక ఏడ్చినవారు చాలమంది కలరు. రెండవ సంవత్సరము ఏడ్చినవారు తక్కువ.

దారులు రెండు. పి. యు. సి. విజ్ఞానశాఖ చదివి సి. ఇ. టి. వ్రాయుట ఒకటి. అందు పరీక్ష మార్కులు సగము, పి. యు. సి. మార్కులు సగము లెక్కింతురు. కావున ఒకదానికై రెండవదానిని విడువరాదు. ఎస్. ఎస్. ఎల్. సి. తరువాత మూడేండ్ల డిప్లొమా చదివి, ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరుట మరియొకటి. డబ్బు ఇబ్బంది గల ఇండ్లకు ఈ దారి మేలైనది. మధ్యలో ఆగవలసివచ్చినను చేతిలో డిప్లొమా యుండును. ట్రిపుల్ ఐటీకి మాత్రము జాతీయ ప్రవేశపరీక్ష వ్రాయవలెను. సాంకేతిక విద్యామండలి ఆడపిల్లలకు ప్రగతి విద్యార్థివేతనమును 2014-15నుండి ఇచ్చుచున్నది. ఎంపికైనవారికి సంవత్సరమునకు 50,000 రూపాయలు. కుటుంబాదాయము 8 లక్షలు మించరాదు, ఒక ఇంట ఇద్దరికి మించి ఇయ్యరు.

రాజ్యాంగపు 98వ సవరణవలన వచ్చిన 371-జె అధికరణము మన ప్రాంతమువారికి ప్రత్యేకమైనది. ఈ ప్రాంతపు విద్యాసంస్థలలో 70 శాతము, తక్కిన రాష్ట్రములో 8 శాతము సీట్లు స్థానికులకు కేటాయింపబడినవి. ప్రభుత్వోద్యోగములలోను వాటా కలదు. శక్తినగరములోనో కాలువశాఖలోనో ఉద్యోగము కోరు పిల్లకు ఇది పెద్ద ఆధారము. దీనికి అసిస్టెంటు కమీషనరు కార్యాలయపు అర్హతాపత్రము కావలెను. చాలమంది సీట్లు పంచు వారమున దానికై పరుగెత్తుదురు. అప్పటికి కార్యాలయము ముందు బారు వీధివరకు వచ్చియుండును. పి. యు. సి. రెండవ సంవత్సరపు దసరా సెలవులలోనే తండ్రి బడిపత్రములు, నివాసపు ఆధారములు తీసికొని పోయి దరఖాస్తు ఇచ్చి, రసీదు పిల్లచేతికే ఇచ్చి దాచుకొమ్మనవలెను.